తాబేలు వీపు మీది దిక్కులు

షార్జాలోని అల్ నహ్దాలో, మా అమ్మాయి ఇంట నేనుంటున్న కాలంలో, ఫ్రిజ్ తలుపు మీద తొమ్మిది గదుల చదరమొకటి వెలసింది. గదికొక అంకె. అతికించినవాడు మా అల్లుడు, వృత్తికి ఇంజనీరు. ఆఫీసులోని చైనా మిత్రుడొకాయన నవతారల శాస్త్రం బోధించాడట. ఆ తారలు ఏటేటా గదులు మారుతూ ఎనిమిది దిక్కులకూ శుభాశుభాలు పంచుతాయట. వర్జ్యం చూడనిదే పాలప్యాకెట్టు కత్తిరించని ఇంటికి ఇదొక్కటే తక్కువైంది!

ఫ్రిజ్ తలుపుకే పరిమితమైతే ఊరుకుందును. ఆ వారంలోనే అమ్మాయికి అబూధాబీలో, ముసఫ్ఫా వైపు ఒక పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చింది. పిల్లల పెంపకంలో పడి తరగతి గది మొగం చూసి ఏళ్లయింది. కబురు నాకు రెండుసార్లు చెప్పింది. అల్లుడి ముదీర్, అంటే ఆఫీసు మేనేజరు, అతణ్ణి అబూధాబీ శాఖకు పంపడానికి ఒప్పుకున్నాడు. శుక్రవారంలోగా పాఠశాలకు జవాబివ్వాలి. అల్లుడు మాత్రం ఫ్రిజ్ ముందు నిలబడి తల అడ్డంగా ఊపాడు.

"ఈ ఏడు వద్దు మామయ్యగారూ. పసుపుపచ్చ అయిదో తార నైరుతిలో కూర్చుంది. తొమ్మిదింటిలోకీ అదే మహా చెడ్డది. ఇక్కణ్ణించి అబూధాబీ నైరుతే కదా!"

"వచ్చే ఏడు అది వేరే గదికి పోతుందిగా. అందాకా ఆ ఉద్యోగం నాకోసం కుర్చీ వేసుకుని కూర్చుంటుందాండీ?" అంది అమ్మాయి.

"పిల్లలున్న ఇల్లు. తెలిసి తెలిసి ఎలా పోతాం?"

"ఆ పిల్లలకోసమేగా ఇన్నాళ్లూ ఇంట్లో ఉన్నది!"

నాకు కోపం వస్తే గ్రంథాలమీద పడతాను. ఈ విద్య పుట్టుపూర్వోత్తరాలేమిటో తేల్చాలని రెండు పూటలు కూర్చున్నాను. కథ ప్రాచీనమే. వరదలను అదుపు చేయబూనిన ఒక రాజుకు లువో నదిలోంచి తాబేలొకటి దర్శనమిచ్చిందట. దాని వీపున తొమ్మిది చుక్కల గుంపులు; నిలువునా, అడ్డంగా, మూలలకూ ఎటు కూడినా పదిహేను. అదే మూలం. చుక్కల పటాలుగా నేడు కనిపించేవి మాత్రం ఎన్నో శతాబ్దాల తరువాత గీసినవట. మా నవగ్రహ యంత్రాలలో సూర్యయంత్రం చూడండి, అవే అంకెలు, అదే పదిహేను. అది నేను నలభై ఏళ్లుగా పూజలో పెట్టుకున్నా మా అల్లుడు కన్నెత్తి చూడలేదు. చైనా నుంచి వస్తే ఫ్రిజ్ ఎక్కించాడు.

చదువుతుండగా ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. చక్రవర్తి దక్షిణాభిముఖుడై కొలువుతీరేవాడు గనుక వారి పటాలలో పైకొస దక్షిణం. లేచి వెళ్లి ఫ్రిజ్ మీద చదరం చూశాను. అయిదు ఎడమవైపు అట్టడుగు మూలన ఉంది.

"అల్లుడుగారూ, దీనిమీద దిక్కుల పేర్లేవీ?"

"వాళ్ల లిపిలో ఉన్నాయండి. అర్థం కావని అంకెలు మాత్రమే ఎక్కించుకున్నాను."

"అది నైరుతి అని ఎవరు చెప్పారు?"

"పైన ఉత్తరమే కదండీ! అదీగాక చెడ్డ అంకె నిరృతి మూలన పడింది. మన వాస్తుతో ఎంత చక్కగా కలిసిందో అనుకున్నాను."

అదీ సంగతి! మన రాక్షసమూలకు వాళ్ల చెడ్డ అంకె ఒదిగిందని పటం తలకిందులైనా అనుమానం రాలేదు. "వారికి దక్షిణం పైన నాయనా. మీ అయిదు ఈశాన్యంలో ఉంది. నైరుతిలో ఉన్నది ఎనిమిది" అన్నాను.

"ఎనిమిదా! అది మహాలక్ష్మి కదండీ వాళ్లకి!" అంటూ అతని ముఖం వికసించింది. మరుక్షణమే ముడుచుకుపోయింది. "అయితే ఈశాన్యం చెడ్డదా? మన దేవుడి మందిరం ఈశాన్యంలోనే ఉందే! ఈశ్వరుడి స్థానం దోషమెలా అవుతుంది మామయ్యగారూ?"

"ఈశ్వరుణ్ణే అడగండి! నేను పటం చదవడం చెప్పానుగాని నమ్మమనలేదు."

"పోనీ, ఈ ఏడాదికి మందిరాన్ని హాల్లోకి జరిపితే?"

"ఏ హాల్లోకయ్యా? నైరుతి మంచిదైతే ఈ ఇల్లే ఖాళీ చేస్తున్నారుగా!"

మా కంఠాలు హెచ్చాయి. నేను లువో నది దగ్గర్నించి మళ్లీ మొదలుపెట్టాను; అతడు సెల్లులో దిక్సూచి తెరిచి మందిరం ముందు గుండ్రంగా తిరగసాగాడు. వంటింటి గుమ్మంలోంచి అమ్మాయి ఫోను అరచేత మూసి మా ఇద్దరినీ చూసింది.

"నాన్నగారూ, ఏమండీ, కాస్త మెల్లిగా! ప్రిన్సిపాల్ గారు లైన్లో ఉన్నారు. వస్తున్నానని చెబుతున్నాను."

చెప్పేసింది కూడా.