రేవులో నేను నాటిన కొబ్బరిచెట్లు

పదమూడేళ్ళుగా నా మనస్సు మీద మూడు మార్కుల బరువు ఉన్నది. మూడే. నవ్వకండి. మార్కులు వేసే వృత్తిలో జీవితమంతా గడిపినవాడికి అర మార్కు కూడా తేలిక కాదు. ఈ సంగతి నా భార్యకు సైతం చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుకనే చెప్పగలుగుతున్నాను.

అమలాపురం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించేవాడిని. ఎమర్జెన్సీకి ముందు సంవత్సరం, తొమ్మిదో తరగతిలో చైనా పాఠం. యుద్ధంలో ఓడిన చైనా, ఒప్పందాల ప్రకారం విదేశీ వర్తకులకు తెరిచిన రేవుల గురించి పుస్తకంలో నాలుగే వాక్యాలున్నాయి. అవి చదివించి ఊరుకుంటే సరిపోయేది. కాని రూతు అనే విద్యార్థిని లేచి, "చిన్న చిన్న రేవుల్లో దొరలు ఎలా బతికేవారండీ?" అని అడిగింది.

తెలియదు అనడం నాకు అలవాటు లేదు. సుద్దముక్క తీసుకుని ఒక నది, ఒక కస్టమ్స్ కచేరీ, ఒక క్లబ్బు గీశాను. బోర్డు మీద ఇంకా ఖాళీ మిగిలింది. ఒడ్డు పొడుగునా కొబ్బరిచెట్లు గీశాను. నది సముద్రంలో కలిసే చోట కొబ్బరిచెట్టు ఉండకపోవడమనేది కోనసీమలో పుట్టినవాడి ఊహకు అందుతుందా? అక్కడితోనైనా ఆగలేదు. సాయంకాలం ఐదింటికి దొరలందరూ వ్యాపారం కట్టిపెట్టి, క్లబ్బు అరుగు మీద వరుసగా కూర్చుని బొండాలు తాగేవారని కూడా సెలవిచ్చాను.

వార్షిక పరీక్షలో ఆ ప్రశ్నే ఇచ్చాను. ముప్పైతొమ్మిది మంది దొరల చేత బొండాలు తాగించారు. ఒకడు కొబ్బరిపీచు కూడా ఎగుమతి చేయించాడు. వాడికి నిండు మార్కులు వేశాను. రూతు మాత్రం ఇలా రాసింది: "అక్కడ కొబ్బరిచెట్లు లేవు. చలికాలంలో నది గడ్డకట్టి ఓడలు రావు. సోయా చిక్కుళ్ళు గోదాముల్లోనే ఉండిపోయేవి. ఉన్న పదిహేనుమంది దొరలు ఒకరింట ఒకరు విందులు చేసుకుని, ముందు కుర్చీ ఎవరిదని తగవులాడుకునేవారు."

మూడు మార్కులు కోసి, ఎర్రసిరాతో 'పాఠంలో లేదు' అని రాశాను. నిజమే, పాఠంలో లేదు. బొండాలు మాత్రం ఉన్నాయా?

రెండు మార్కుల తేడాతో ఆమెకు మొదటి స్థానం పోయింది. మొదటివారి పేరు ప్రధానోపాధ్యాయుల గది బయట నల్లచెక్క మీద తెల్లరంగుతో రాయిస్తారు. రూతు వాళ్ళ పేట నుంచి ఆ చెక్క మీదికి అప్పటికి ఒక్క పేరూ ఎక్కలేదు.

జవాబుపత్రాలు చూపించిన మరునాడు ఆమె తాత దావీదుగారు వచ్చారు.

"మేష్టారండీ, పిల్ల తప్పు రాసిందాండీ?"

"నేను చెప్పనిది రాసింది."

"ఆయ్. నేనే చెప్పేనండీ. మిషను డాక్టరు దొరగారితో చైనా ఎళ్ళి, పదేళ్ళు అక్కడో రేవులో వంట చేసేనండీ. కొబ్బరిపచ్చడికి మొహం వాచిపోయేననుకోండి."

ఆ రేవు పేరు కూడా చెప్పారు. నేను తొణకలేదు. "నేను చెప్పింది వేరే రేవు."

"అయ్యుంటుందండీ," అన్నారాయన ఎంతో మర్యాదగా. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "ఆ రేవులో కొబ్బరికాయలు దింపు తీసేవోడెవరో కనుక్కోండి మేష్టారూ. ఆ మంచులో చెట్టెక్కేడంటే మా గొప్పోడండీ."

ఆయన వెళ్ళాక అట్లాసు తెరిచాను. ఆ రేవు నలభయ్యో అక్షాంశానికి పైన ఉంది. కొబ్బరి ఉష్ణమండలపు చెట్టు అని ఆ తరగతికే, ఆ గదిలోనే, నేనే చెప్పి ఉన్నాను. మార్కుల పట్టిక మీద ఇంకా సంతకం చేయలేదు. కలం చేతిలోనే ఉంది. దిద్దితే ఏమయ్యేది? బొండాలకు వేసిన మార్కులన్నీ తీసివేయాలి, తరగతిలో క్రమశిక్షణ చెడుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. క్రమశిక్షణా? కాదు. పిల్లలు నవ్వుతారని భయపడ్డాను.

సంతకం చేశాను.

దావీదుగారు ఇప్పుడు లేరు. రూతు అల్లవరంలో ఉపాధ్యాయురాలు. ఎదురైతే సైకిలు దిగి, "నమస్కారమండీ మేష్టారూ" అని చిన్నగా నవ్వుతుంది. ఆ నవ్వు మర్యాదేనా, దాని వెనక దింపువాడు ఉన్నాడా? ఎన్నడూ అడగలేకపోయాను. పాఠశాల వైపు వెళ్ళినప్పుడల్లా ఆ నల్లచెక్కను చూస్తాను. కొబ్బరిపీచు ఎగుమతి చేసినవాడి పేరు ఇంకా తెల్లగా మెరుస్తూనే ఉంది.

ఆమె జవాబుపత్రం నా దగ్గరే దాచాను. ఈ ఉదయం దాన్ని తీసి, నా ఎర్రరాత కొట్టివేసి, మూడు మార్కులు కలిపి, తేదీ వేసి సంతకం చేశాను. అల్లవరం వెళ్ళి ఆమె చేతికి ఇచ్చే ధైర్యం నాకు లేదు. ఎప్పటికైనా వస్తుందో రాదో కూడా తెలియదు. 'తెలియదు' అని రాశాను, చూశారా? ఆశ్చర్యంగా ఉంది.

ఆ రేవులో కొబ్బరిచెట్లు లేవు. ఒక్కటి కూడా లేదు.