జొన్నకూ సజ్జకూ వేట నేర్పబోతే

ఊరంతా మద్రాసు నుంచి ఇడిపోయినాక కర్నూలు మనకు రాజధాని అయిందని మాట్లాడుకుంటాండాది. మా మగ్గాల వీధిలో మాత్రం నిన్నటి నుంచి నా ముచ్చటే! నవ్వండప్పా, నవ్వండి. టీ సల్లారిపోతాది, తాగతా నవ్వండి.

నా అడవిపిల్లులు మీకు తెలుసుగదా, జొన్న, సజ్జ అని. పోయిన కోతలప్పుడు చేలో దొరికినాయి. తల్లి యాడికి పోయిందో ఏమో, ఇంకా కండ్లు గూడా తెరవలేదు. కూలోళ్లు కొట్టేదానికి కట్టెలెత్తితే నేనే టవాలులో చుట్టుకోని వచ్చినా. నూలు పోగులు మేకపాలలో ముంచి చీకించినా. నేను నేస్తాంటే మగ్గం గుంతలో నా కాళ్ల మీదనే పండుకుంటాయి. నా బిడ్డలు గూడా నన్ను అంత ఆనుకోని పండుకోలేదు, నిజం!

వీధిలో పిల్లోళ్లంతా స్కూలు ఇడిస్తానే మా ఇంట్లోనే. నాకూ మాస్టరు గాలి సోకింది. "తోక పట్టి గుంజగూడదు. మెడకు తాడు కట్టగూడదు. ఇవి మనయి గాదురా, కొండయి. పెద్దయినాక కొండకే పోవాల" అని రోజూ క్లాసు.

చిక్కంతా పక్కింటి పుల్లమ్మత్తతోనే. ఆమె కోళ్లు మాయమైతాండాయి. "నీ పిల్లులే తింటాండాయిరా ఈరన్నా!" అంటాది. నేను ఊరుకుంటానా? వీధి నడుమ నిలబడి గొంతు చించుకున్నా. "పాలూ సంగటీ తినే పిల్లులత్తా అవి! నీ కోళ్లను ఎత్తుకపోయేది నాలుగు కాళ్లది గాదు, రెండు కాళ్లది! పోయి దొంగను పట్టుకో!"

ఆమెకు రోషం వచ్చింది. "అమాస లోపల వాటిని కొండకు తోలు. లేదంటే నా రోకలి ఉండాది, వాటి తలకాయలు ఉండాయి" అనింది. కొండకు తోలితే ఏం తింటాయప్పా? ఎలక ఎదురొస్తే పక్కకు జరిగి దారిచ్చే రకాలు! ఆకలికే సచ్చిపోతాయి.

సరే, నేనే వేట నేర్పుదామనుకున్నా. నిన్న పొద్దుగూకే ముందర పిల్లుల్ని సంకన పెట్టుకోని, పిల్లోళ్లను ఎంటేసుకోని ఇంటెనక జొన్నచేలోకి బయలుదేరినా. మా లచ్చుమమ్మ అడ్డం వచ్చింది. "నీకు మగ్గం తప్ప ఏమొచ్చునని వేట నేర్పుతావు?" అనింది. పెండ్లాం మాట నేను ఇంటే గదా!

పంచె ఎగ్గట్టి నాలుగు కాళ్ల మీద వంగినా. "సూడండ్రా, పొట్ట నేలకు ఆనాల. ఊపిరి బిగబట్టాల." నా ఎనకాల పిల్లోళ్లంతా లైనుగా పాకతాండారు. జొన్నా సజ్జా మాత్రం గట్టు మీద కూచోని మొకం కడుక్కుంటాండాయి!

అంతలో ముందర గలగలమనింది. "ఎలకరా! సప్పుడు సేయొద్దండి!" అని ఒక్క దుముకు దుమికినా. దొరికింది! రెండు చేతులా అదిమి పట్టినా. ఏం ఎలకప్పా, మెత్తగా, ఇంత లావుగా... కెక్కెక్కెమని అరిసింది.

తలెత్తితే పుల్లమ్మత్త! కోడిపెట్ట కనపడక యెతుక్కుంటా వచ్చింది. నేనేమో ఒళ్లంతా మట్టి కొట్టుకోని, మోకాళ్ల మీద, ఆమె పెట్టను ఎదకు కరుచుకోని ఉండా.

"అత్తా, ఇది... ఎలకనుకోని..."

"ఇంత ఎలకను యాడ సూసినావురా నువ్వు?"

పిల్లోళ్లు నాకు సాయం చేద్దామనుకున్నారు, పాపం. "అవ్వా, ఎట్ల పట్టుకోవాల్నో ఈరన్నమామ మాకు గూడా నేర్పుతాండాడు!" అన్నారు. సచ్చినాను పో!

పుల్లమ్మత్త గట్టు మీద కూలబడి, పిల్లుల్ని ఒళ్లోకి తీసుకునింది. "నోరులేని వాటిని ఎన్ని తిట్లు తిట్టినానే తల్లీ! వీడు చెప్పింది నిజమే, రెండు కాళ్లదే దొంగ! మీకు పోవాలనిపించినప్పుడు పోదురు, అంతవరకూ ఈడనే ఉండండి. కొండకు తోలాల్సింది వీడిని" అనింది. అసలు దొంగ ఎవడో గాని, పేరు మాత్రం నాది! పోతే పోనీలే అప్పా. నా పిల్లులు బతికినాయి, నాకు అంతే సాలు.

ఈ పొద్దున మగ్గం గుంతలో కాళ్లు పెడితే మెత్తగా ఏందో తగిలింది. సచ్చిన ఎలక! పక్కనే సజ్జ, నా మొకమే సూస్తా కూచోనుండాది. అది పట్టిన మొదటి ఎలకప్పా! నా కండ్లలో నీళ్లు తిరిగినాయి. "లచ్చుమీ, ఇట్లరా! నా పాఠం దానికి వంటబట్టింది!" అని కేకేసినా.

ఆమె వచ్చి ఎలకను సూసింది, నన్ను సూసింది.

"నీ పాఠమా? ఆకలికి తాళలేక పక్కింటి కోళ్ల మీద పడతాండావని దాని కడుపు తరుక్కపోయింది. నీకోసం తెచ్చింది, తిను!"