థాన్ హావ్ వైద్యం

కరోనా రెండో ఏడు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని ఒక ఫ్యాక్టరీలో నేను స్టోర్ కీపర్ని. మాతో పనిచేసే వియత్నాం వెల్డర్ ఒకరోజు డబ్బాలోంచి ఎండుటాకు తీసి చూపించి, 'థాన్ హావ్' అన్నాడు. వాళ్ల ఊళ్లో పూర్వం మలేరియాకు అదే కాచి తాగేవారట. ఆ మాట పలకడం నాకు సాయంత్రానికల్లా వచ్చేసింది. దాంతోపాటు వైద్యం కూడా వచ్చేసిందనుకున్నాను.

ఆ నెలలోనే సెలవు నుంచి తిరిగొచ్చిన మా రూమ్‌లోనే ఉండే తమ్ముడిలాంటివాడికి వణుకుతో జ్వరం పట్టుకుంది. జగిత్యాల దగ్గర పల్లె అతనిది.

"అన్నా, ముదీర్‌కు చెప్పకే. కరోనా అని తీస్కపోయి ఒక్కన్నే ఏస్తరు." ముదీర్ అంటే మా మేనేజర్.

"నేనుండంగ నీకు దవాఖాన ఎందుకురా?"

వెల్డర్ దగ్గర ఆకు అడిగి తెచ్చి కాచి తాగించాను. మర్నాడు జ్వరం లేదు. అది దినం విడిచి దినం వచ్చే జ్వరమని నాకు అప్పుడు తెలియదు. బట్టలుతికే చోట నలుగురిని పోగేసి, ఒక్కొక్కరితో 'థాన్ హావ్' అని పలికించాను. మోకాళ్ల నొప్పివాడొకడు, జుట్టు రాలేవాడొకడు గ్లాసులు పట్టుకొచ్చారు. కాదనలేదు. జుట్టుకు మోతాదు తగ్గించాను.

మూడో రోజు జ్వరం మళ్లీ వచ్చింది. "మందు పట్టేటప్పుడు అట్లనే ఉంటది" అని ఆకు రెట్టింపు వేశాను.

ఆరో రోజు అతను నన్ను చూసి, వాళ్లమ్మననుకుని "అమ్మా" అన్నాడు. భయపడి పరుగెత్తాను, ముదీర్ దగ్గరికి కాదు, ఇంకాస్త ఆకు కోసం. వెల్డర్ నా వెంటే వచ్చి అతని నుదురు ముట్టుకున్నాడు.

"డాక్టర్ కిధర్?" అన్నాడు, ఇక్కడ మా దగ్గర నేర్చుకున్న హిందీలో. నేను ఆకు చూపించాను. "మేరా దాదీ కే పాస్ హాస్పిటల్ నహీ థా. తుమ్హారా పాస్ హై" అన్నాడు. వాళ్ల నానమ్మకు ఆసుపత్రి లేదు, మీకుంది కదా అని. తానే ముదీర్‌కు ఫోన్ చేశాడు.

ఆసుపత్రిలో రక్తం చూసి మలేరియా అన్నారు. పది రోజులకు అతను సగమై తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే రూమ్‌లో అందరి ముందూ నా చేతులు పట్టుకున్నాడు.

"అన్న ఆకుతోనే పానం నిలవడ్డది. ఇంక ఉంటే ఇయ్యే, ఇంటికి పంపుత. బిడ్డకు గూడ జ్వరమొస్తున్నదట."

అందరూ నా వైపు గౌరవంగా చూశారు. ఆ చూపు నాకు హాయిగానే ఉంది. కాసేపు ఉండనిచ్చాను కూడా.

"ఆకుతోని కాదురా. ఆరు రోజులు నిన్ను దవాఖానకు పోనియ్యంది నేనే."

అతను నన్నే చూస్తూ ఇంటికి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు. "గీ ముచ్చట మా ఆమెకు నువ్వే చెప్పు."

చెప్పాను. ఆమె అంతా విని అడిగింది.

"అయితే బిడ్డను ఇప్పుడే దవాఖానకు తోల్కపోవాల్నా అన్నా?"

"ఇప్పుడే, చెల్లే."