మూడేండ్లు దాటిన పిల్ల

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో రాజమ్మ అక్కడ కంకర తట్టలు మోసేది. జగిత్యాల దిక్కు నుంచి పెనిమిటి ఓదెలుతో వలస వచ్చింది. రేకుల గుడిసెలో పుట్టిన బిడ్డ స్వరూపకు ఎనిమిదో నెల వచ్చినా మెడ నిలవలేదు. ఎత్తుకుని మియాపూర్‌లో ఒక డాక్టరు దగ్గరికి పోయింది.

ఆయన పిల్లను ముట్టుకోకుండానే, "కొంతమంది పిల్లలు లేటేనమ్మా. తొందరెందుకు, రెండేళ్లు చూద్దాం" అన్నాడు.

చదువుకున్నాయన మాట, రాజమ్మ నమ్మింది. తన ఈడు పిల్లలు ఇసుక కుప్పలెక్కి జారుతుంటే స్వరూప వెల్లకిలా పడుకొని ఆకాశం చూసేది.

"కడుపుతోని ఉన్నప్పుడు గ్రహణం నాడు కత్తిపీట ముట్టినవా ఏంది?" అని ఊరి నుంచి వచ్చిన అత్త నర్సమ్మ అడిగింది. ముట్టిందో లేదో రాజమ్మకు యాదికి రాలేదు. అదే దిగులుతో నెలలు గడిపింది.

రెండేండ్లు నిండినంక మళ్లీ పోతే ఆ డాక్టరు దుకాణం ఎత్తేసిండు. కొన్నాళ్లకు గుడిసెల్లో మందులు పంచడానికి వచ్చిన నర్సు సెలీనా పిల్లను బోర్లా వేసి, రొమ్ము కింద తువాలు చుట్ట పెట్టి, తల ఎత్తేలా ఎదురుగా గిలక్కాయ ఆడించి చూపించింది.

"రోజూ మూడు పూటలా ఇలా చేయించండి. సికింద్రాబాద్‌లో ఇలాంటి పిల్లలకు సెంటరుంది. పేరు రాయిస్తాను, ఉత్తరం వస్తుంది."

రాజమ్మ అన్నం మానిందిగానీ ఆ మూడు పూటలు మానలేదు. ఆరు నెలలకు స్వరూప తల ఎత్తి అమ్మను చూసింది. ఉత్తరం మాత్రం రాలేదు. వచ్చింది నిజానికి. సైటు ఆఫీసులో సూపర్‌వైజర్ రామ్మోహనరావు సొరుగులో మూడు నెలలు పడి ఉంది. రాజమ్మ పోయి అడిగితే అప్పుడు తీసిచ్చాడు.

"కూలోళ్లకు ఉత్తరమేంటని పక్కన పెట్టా" అన్నాడాయన, తలెత్తకుండా.

సెంటరులో అమ్మాయి కాగితం చూసి, "మూడేళ్లలోపు పిల్లలకేనమ్మా ఇక్కడ. పాపకు దాటిపోయాయి. ముందే రావాల్సింది" అంది.

"ఎనిమిదో నెలలనే ఎత్తుకొని తిరిగిన, బిడ్డా. డాక్టరు ఆగుమంటె ఆగిన" అంది రాజమ్మ. ఆ అమ్మాయి అప్పటికే వెనకున్నామెను పిలుస్తోంది.

స్వరూప అయిదో ఏట గోడకు ఆనుకొని కూర్చుంది. నడవలేదు. గుడిసెల్లో ఎవరికి కాన్పయినా రాజమ్మ వెళ్లి, పిల్ల మెడ కింద చెయ్యి పెట్టి చూసేది. బాలింతలు ఆమెను చూడగానే పిల్లలపై కొంగు కప్పుకునేవారు.