ఆయిలక్క రాసిచ్చిన మాట

ఆయిలక్కకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు. పట్టణంలోని చెత్త బళ్ళు, నీళ్ళ ట్యాంకర్లు, జీపులు, వీధి దీపాల బండి అన్నీ వచ్చి ఆగే షెడ్డులో ఆమె పని ఇంజన్ ఆయిల్ మార్చడం, దాంతోపాటు ఫిల్టరు మార్చడం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. షెడ్డు మధ్యలో మనిషి లోతు గుంట ఒకటుంది. బండి దాని మీదికొచ్చి ఆగితే ఆమె కిందికి దిగుతుంది. అందుకని కొత్తగా వచ్చినవాళ్ళు ముందు ఆమె గొంతు వింటారు, తరువాత ఎప్పటికో మనిషిని చూస్తారు. ఆ గొంతు తక్కువదేం కాదు. ఆమె ఇంట్లో రహస్యం చెప్పినా పక్కింటివాళ్ళు ఊకొడతారు.

తీసిన ఫిల్టరును ఊరికే పారేయడం ఆమెకు చేతకాదు. హ్యాక్సా బ్లేడుతో డబ్బా కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, వెలుతురులో పట్టుకుని చూస్తుంది. నల్లటి మడ్డి ఉంటే సరే. ఇనుప రజను మెరిసిందంటే ఆ ఇంజను లోపల్లోపల అరిగిపోతోందని అర్థం. చూడటం అయ్యాక దాని మీద తేదీ రాసి గోడకున్న మేకుకు తగిలిస్తుంది. ఆ గోడను చూసి గబ్బిలాలు ఎండబెట్టారనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

షెడ్డులో మిగతా బళ్ళన్నీ ఒక ఎత్తు, బుట్టబండి ఒక్కటీ ఒక ఎత్తు. వీధి దీపాలు బాగుచేసే లారీ అది. దాని వీపు మీద పొడవాటి ఇనుప చెయ్యి, చెయ్యి చివర మనిషి నిలబడే బుట్ట. ఆ బుట్టలో నిలబడేది ఆయిలక్క సొంత తమ్ముడు. నేల మీద కన్నా పైనే ఎక్కువసేపు ఉంటాడు కాబట్టి అతన్ని అందరూ ఆకాశం అంటారు. అక్క గుంటలో, తమ్ముడు గాలిలో, నేల మీద నిలబడి బతికే రాత మా ఇంట్లో ఎవరికీ లేదని ఆయిలక్క నవ్వుతూ ఉండేది.

తొమ్మిదేళ్ళ కిందట ఒక రోజు ఆ నవ్వు ఆగిపోయింది. తమ్ముడు పైన ఉండగా బుట్టబండి ఇంజను పట్టేసి ఆగిపోయింది. బుట్టను చేత్తో దించడానికి ఒక లీవరు ఉంటుంది గానీ, అది తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. వానలో, కరెంటు తీగల పక్కన, నాలుగు గంటల పాటు ఆకాశం అలా పైనే ఉండిపోయాడు. ఎక్కణ్ణుంచో పెద్ద నిచ్చెన తెప్పించి దించాక వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంజను విప్పించి చూస్తే లోపల ఆయిల్ తారులా తయారై ఉంది. ఫిల్టరు ఊపిరాడనంతగా పూడుకుపోయి ఉంది. చిత్రమేమిటంటే, నియమం ప్రకారం వాటిని మార్చే గడువు ఇంకా రానే లేదు. ఆ రోజు నుంచి ఆయిలక్క ఆ లీవరుకు వారం వారం గ్రీజు పెట్టడం మొదలుపెట్టింది, నియమాన్ని నమ్మడం మానేసింది.

నియమం పదివేల కిలోమీటర్లకు ఒకసారి మార్చమంటుంది. ఊరంతా తిరిగే జీపులకు అది చక్కగా సరిపోతుంది. బుట్టబండి రోజుకు పాతిక కిలోమీటర్లు తిరిగితే గొప్ప. స్తంభం దగ్గర బండి ఆగుతుంది, ఇంజను మాత్రం ఆగదు. ఇంజను తిరుగుతుంటేనే బుట్ట లేచేదీ దిగేదీ. ఒక్కో దీపానికి నలభై నిమిషాలు పడుతుంది. కిలోమీటర్ల అంకె కదలకుండానే లోపల ఆయిల్ ఉడికిపోతూ ఉంటుంది. ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపించే మీటరు ఒకటి ఉండేది, అది ఎప్పుడో చచ్చిపోయింది. కొత్తది కావాలని ఆయిలక్క మూడుసార్లు రాసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇక అక్కాతమ్ముళ్ళే ఒక మీటరు కనిపెట్టుకున్నారు. ఒక దీపం బాగైతే ఆకాశం బుట్ట లోపలి వైపు సుద్దముక్కతో ఒక గీత గీస్తాడు. మూడు వందల యాభై గీతలైతే ఆయిలూ ఫిల్టరూ మారతాయి. గీతలు చెరిపేసి మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఆ లెక్క వాళ్ళకు ఎంత ఒంటబట్టిందంటే, ఎవరైనా సోది చెప్పి వదిలిపెట్టకపోతే, "ఆయన మూడు దీపాల సేపు మాట్లాడాడక్కా" అనేవాడు తమ్ముడు.

ఈ గీతల సంగతి తెలియని కొత్త అధికారి ఒకాయన వచ్చాడు. చెడ్డవాడు కాదు, చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకోవచ్చు. ఇంతకుముందు పనిచేసిన చోట ఆయిల్ డబ్బాలు బయట అమ్ముకుంటున్న ముఠాను పట్టుకున్న నిజాయితీపరుడు ఈయన. ఒకసారి పామును చూసినవాడికి తాడు కూడా పాములాగే కనిపిస్తుంది. వచ్చిన వారానికల్లా కాగితాలన్నీ తిరగేశాడు. సోమవారం ఉదయం హాజరు దగ్గర, పదకొండు మంది ముందు అడిగాడు.

"బుట్టబండి ఏడాదిలో ఏడువేల కిలోమీటర్లు నడిచింది. లెక్క ప్రకారం ఒక్కసారి కూడా ఆయిల్ మార్చక్కర్లేదు. మీరు ఐదుసార్లు మార్చినట్టు రాశారు. ఆయిలుకేమైనా కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిపోతోందా అమ్మా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయిలక్కకు చెవుల దాకా వేడెక్కింది. ఇన్నేళ్ళలో ఆమెను కోపిష్టి అన్నారు, నోరు పెద్దది అన్నారు, మొండిఘటం అన్నారు. దొంగ అని మాత్రం ఎవరూ అనలేదు. ఈయన కూడా ఆ మాట అనలేదు. అనేసినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

"ఉన్నదేదో సూటిగా అనండి సార్. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే మనిషిని కాను నేను" అంది.

"నేనెవర్నీ ఏమీ అనలేదు. శుక్రవారం సాయంత్రంలోగా మీ చేత్తో ఒక హామీ రాసివ్వండి. లేదంటే వచ్చే సోమవారం నుంచి బళ్ళు కడిగే పనిలోకి వెళ్ళండి. ఆ గుంటలోకి ఇంకొకరు దిగుతారు, నియమం ప్రకారం మారుస్తారు."

ఏం రాయాలో గుమాస్తా ఒక నమూనా కూడా తెచ్చి చేతిలో పెట్టాడు. ఒకటే వాక్యం. 'బుట్టబండి ఆయిల్, ఫిల్టరు విషయంలో ఇకపై మారతానని హామీ ఇస్తున్నాను.'

ఆ సాయంత్రం ఇంట్లో ఆయిలక్క గోళ్ళలోని నలుపు పోయేదాకా సబ్బుతో చేతులు రుద్దుకుంది, నలుపు పోలేదు. తమ్ముడు బల్ల మీద తెల్లకాగితం, పెన్ను పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

"రాసిచ్చెయ్ అక్కా. ఒక్క ముక్కేగా. అంతటితో పోతుంది."

"పోయేది నా పరువురా. మారతాను అని రాస్తే, ఇన్నాళ్ళూ దొంగతనం చేశానని ఒప్పుకున్నట్టే కదా."

"బళ్ళు కడగమంటే?"

"కడుగుతాను, నాకేం నామోషీ లేదు. మరి నీ గీతలు ఎవరు చూస్తారు? పైన నువ్వు, కింద ఏడాదిన్నర నాటి ఆయిలు. చీపురు పట్టుకుని నేను మెడ పైకెత్తి చూస్తూ కూర్చోవాలా?"

ఆకాశం పెన్ను మూత తీసి ఆమె వైపు జరిపాడు. ఆ వాన సంగతి తొమ్మిదేళ్ళుగా ఇద్దరూ ఎత్తలేదు. ఇప్పుడూ ఎత్తలేదు. ఆయిలక్క కాగితం దగ్గరికి లాక్కుని, నమూనా చూస్తూ గుండ్రటి అక్షరాలతో రాసింది. 'బుట్టబండి ఆయిల్, ఫిల్టరు విషయంలో ఇకపై మారుస్తానని హామీ ఇస్తున్నాను.'

బుధవారం ఆ కాగితం తిరిగొచ్చింది. 'మారుస్తానని' అన్నచోట ఎర్రసిరాతో కొట్టేసి, పైన 'మారతానని' అని దిద్ది ఉంది. పాపం, చదువు తక్కువ మనిషి, అక్షరం తప్పిందనుకున్నాడు అధికారి. ఆయిలక్క ఇంకో కాగితం తీసుకుని శుభ్రంగా మళ్ళీ రాసింది, మారుస్తానని. శుక్రవారం మధ్యాహ్నం ఆమెకు పిలుపొచ్చింది.

"ఇది రెండోసారి. మీకు అక్షరాలు రావా?" అన్నాడాయన.

"వచ్చు సార్. వచ్చు కాబట్టే అలా రాశాను. మారాల్సింది నేను కాదు, ఆయిలు."

"అంటే, మీరు మారరు."

"మారను సార్. మారుస్తాను."

అని సంచిలోంచి ఐదు ఫిల్టరు మడతలు తీసి, ఒకదాని పక్కన ఒకటి ఆయన బల్ల మీద పరిచింది. తెల్లటి ఫైలు మీద నల్లటి మరకలు పడ్డాయి. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"తేదీలతో సహా ఉన్నాయి, చూసుకోండి. ఆయిల్ అమ్ముకునేదాన్నయితే ఈ మసి అంతా ఎందుకు దాచుకుంటాను?"

ఆయన ఒక్కొక్కటే వేలితో తిప్పి చూశాడు. తేదీలు ఫైలుతో సరిచూసుకున్నాడు. న్యాయం చెప్పాలంటే, చూడకుండా తోసేసే రకం కాదు. "సరే, మార్చారనే ఒప్పుకుంటాను. అన్నిసార్లు ఎందుకు మార్చారు? బండి నడవలేదు కదా."

"బండి నడవలేదు సార్. ఇంజను నడిచింది."

"రెండూ ఒకటేనమ్మా."

"అయితే ఒక్క దీపం సేపు నాతో రండి."

షెడ్డు గేటు ముందున్న స్తంభం మీది దీపం వెలగడం లేదు. బుట్టబండిని దాని కింద నిలబెట్టారు. అధికారి నడుముకు బెల్టు కట్టించుకుని ఆకాశంతో పాటు తానే బుట్ట ఎక్కాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషైనా, పిరికివాడు మాత్రం కాదు. కింద మీటల దగ్గర ఆయిలక్క నిలబడింది. ఆ పదకొండు మందికీ సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఏవో పనులు పడ్డాయి.

బుట్ట స్తంభం తలదాకా లేచింది. ఇంజను ఒకటే హోరు. ఆకాశం పాత దీపం విప్పుతున్నాడు, తీగలు చూస్తున్నాడు, కొత్తది బిగిస్తున్నాడు. బుట్ట లోపలంతా సుద్దగీతలు చూసి ఇవేమిటని ఆయన అడిగితే, మా మీటరు సార్ అన్నాడు. అరగంట దాటేసరికి హోరుకూ పొగకూ ఆయన తల దిమ్మెక్కింది. కిందికి వంగి అరిచాడు.

"బండి కదలడం లేదుగా, ఇంజను ఎందుకు దండగ? ఆపండి."

ఆయిలక్క ఆపేసింది. వీధంతా నిశ్శబ్దమైపోయింది. పైన దీపం బిగించడం అయిపోయింది, ఆకాశం చేతులు తుడుచుకున్నాడు.

"ఇక దించండి" అన్నాడు అధికారి.

"ఎలా దించను సార్? ఇంజను ఆపమన్నారుగా. అది తిరగకపోతే బుట్ట దిగదు."

"మరి స్టార్ట్ చెయ్యండి."

"చేస్తాను. చేస్తే ఇంజను నడిచినట్టు లెక్కేనా సార్, కాదా? కిలోమీటర్ల అంకె మాత్రం మీరు ఎక్కినప్పుడు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది."

చేత్తో దించే లీవరు ఆమె మోచేతి పక్కనే ఉంది. పోయిన వారమే గ్రీజు పెట్టింది కాబట్టి చిటికెన వేలితో తిప్పినా తిరుగుతుంది. ఆ ముక్క అప్పుడు చెప్పాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు. పైన ఆయన రెండు చేతులతో బుట్ట అంచు పట్టుకుని కిందికి చూశాడు, పక్కనున్న తీగల వైపు చూశాడు, ఆ తరువాత ఆకాశం వైపు చూశాడు. రోజూ ఇదే బుట్టలో నిలబడే మనిషి ఆయన కళ్ళలోకే చూస్తున్నాడు.

"లెక్కే" అన్నాడు అధికారి.

ఇంజను మళ్ళీ అందుకుంది. నేల మీద కాలు పెట్టాక ఆయన బెల్టు విప్పుకోవడానికి కొంచెంసేపు పట్టింది. "గంటల మీటరు కోసం మళ్ళీ రాయండి. ఈసారి నేను సంతకం పెడతాను" అన్నాడు.

"అది తరువాత చూద్దాం సార్. సోమవారం నాటి మాట ఒకటి మిగిలిపోయింది. అందరి ముందూ అన్నారు, ఇప్పుడూ అందరూ ఉన్నారు."

ఆయన గేటు దగ్గర నిలబడ్డవాళ్ళను చూశాడు. "ఆయిల్ ఎక్కడికీ నడిచి వెళ్ళలేదు. నడిచింది ఇంజను. నేను తప్పు లెక్క చూశాను" అన్నాడు.

"వెనకవాళ్ళకు వినిపించలేదు సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. అయినా రెండోసారి గట్టిగానే అన్నాడు. ఐదు రోజులుగా బిగబట్టిన ఏడుపును ఆయిలక్క అక్కడే మింగేసింది. ఆయన జేబులోంచి ఆమె రాసిన కాగితం తీసి చించబోయాడు.

"చించకండి. ఫైల్లో ఉండనివ్వండి" అని, ఆమె బుట్ట వైపు తిరిగింది. "ఎన్నయ్యాయిరా?"

ఆకాశం సుద్దముక్కతో ఒక గీత గీసి, వరసగా లెక్కపెట్టుకున్నాడు. "సారుగారి దీపంతో మూడు వందల యాభై అక్కా."

"అయితే గుంట మీదికి పట్టుకురా. వేడి మీదున్నప్పుడే ఆయిల్ మడ్డితో సహా దిగుతుంది."

అధికారి గడియారం చూసుకున్నాడు. శుక్రవారం సాయంత్రం, గడువు ఇంకా కాస్త మిగిలే ఉంది. "ఇవాళేనా?" అన్నాడు.

ఆయిలక్క అప్పటికే స్పానర్ తీసుకుని గుంటలోకి దిగుతోంది. గొంతు మాత్రమే పైకి వినిపించింది.

"మారుస్తానని రాసిచ్చాను కదా సార్."