నల్లా బంద్ అనకూడదట

ఎవరైనా ‘మంచి తెలుగు’ అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

డిగ్రీలో ఉన్నప్పుడు ఎల్‌బీ నగర్‌లోని మా కాలేజీ రేడియోలో సాయంత్రం స్థానిక వార్తలు నేనే చదివేదాన్ని. ఏ రోడ్డు తవ్వారు, నల్లా ఎప్పుడొస్తుంది, ఏ దవాఖానలో కంటి పరీక్షలు చేస్తున్నారు, ఇవే మా వార్తలు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకో కాలేజీకీ రేడియో ఉండేది. వాళ్లంటే మా రేడియో చూసుకునే సారుకు హడల్. మీర్‌పేట్‌లో మా అమ్మ కుట్టుమిషన్ పక్కన రేడియో పెట్టుకుని, నా గొంతు రాగానే మిషన్ ఆపేది. అమ్మకోసమే చదువుతున్నానని నాకు లోపల గర్వంగా ఉండేది.

ఒకరోజు "రేపు నల్లా బంద్, ఇయ్యాల్నే నీళ్లు పట్టుకోండ్రి" అని రాసుకుని పోయాను. సారు అది కొట్టేసి, "కుళాయి నీటి సరఫరాలో అంతరాయం కలుగును" అని రాశాడు.

"నల్లా ఏంది, బంద్ ఏంది? మైకుల గిట్ల మాట్లాడితే దిల్‌సుఖ్‌నగరోళ్లు నవ్వరా?" అన్నాడు.

ఆయన సొంతూరూ మాలాగే నల్గొండ దిక్కే. నన్ను తిట్టడానికి మా మాటే కావాల్సి వచ్చింది, చూడండి! అయినా ఆయన రాసిందే చదివాను.

మర్నాడు ఇంటికొచ్చేసరికి అమ్మ ఖాళీ బిందెల ముందు కూర్చుని ఉంది.

"నిన్న రేడియోల చెప్పిన కదమ్మా!"

"అంతరాయమన్నవు బిడ్డా. ఎన్కట టీవీల బొమ్మ పోతే గట్లనే అంటుండె. రేడియో ఆగుతదేమోనని నేనే బంద్ జేసిన."

కన్నకూతురు చెప్తే అమ్మకు అర్థం కాలేదు. అలాంటి వార్త ఎవరి కోసం?

మళ్లీ నీళ్లు ఆగే వార్త వచ్చినప్పుడు సారు కాగితం పక్కన పెట్టి "రేపు నల్లా బంద్" అనే చదివాను. ఆయన వెంటనే నా మైకు ఆపి పాట వేశాడు. ఆ రోజుతో నా వార్తలు పోయాయి.

తర్వాత వారం ఆయనే పిలిచి, నవ్వుతూ అన్నాడు: "దిల్‌సుఖ్‌నగర్ రేడియోల పల్లెటూరి అత్త కామెడీ మస్తు నడుస్తుంది. మనకూ ఒకటి గావాలె. నీకు గా యాస మంచిగొస్తది, నువ్వు జెయ్యి."

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! మొన్నటిదాకా వాళ్లు నవ్వుతారని భయపడ్డ మనిషికి ఇప్పుడు నవ్వులు కావాలి. మా అమ్మ మాట నవ్వించడానికి పనికొస్తుందట, నీళ్లు పట్టుకొమ్మని చెప్పడానికి మాత్రం పనికిరాదట. "చెయ్య సార్" అని వచ్చేశాను. మళ్లీ ఆ గదిలో అడుగు పెట్టలేదు.

అమ్మ మాత్రం రేడియో మానలేదు. ఒక సాయంత్రం నా జాగాలో వచ్చిన అమ్మాయి సారు రాసిన అదే వాక్యం చదివింది. అమ్మ మిషన్ ఆపి, గోడ దగ్గరికి పోయి పక్కింటామెను కేకేసింది.

"అక్కా, రేపు అంతరాయమంట! బిందెలు నింపుకో!"

బడి మొహం చూడని మా అమ్మ ఆ మాట నేర్చుకుంది. ఆమె మాట సారు కొత్తగా నేర్చుకోనక్కర్లేదు, ఆయనకది పుట్టినప్పటి నుంచి వచ్చు.