సునీత గుట్ట ఎక్కిన రోజు, నేను బావతో మాట్లాడిన రోజు

మా ఆడబిడ్డ సునీతకు హన్మకొండ హాస్టల్లో తొమ్మిదో తరగతికి సీటు వచ్చింది. పంపడానికి మా అత్తకు భయం. ఆ వారమే, భూపాలపల్లి వైపు పాండవుల గుట్టల దగ్గర తండా ఆడపిల్లలకు ఒక రోజు ఉచితంగా గుట్టలెక్కడం నేర్పుతారని బడిలో చెప్పారు. తాడు, హెల్మెట్, మధ్యాహ్నం భోజనం అన్నీ నేర్పేవాళ్లవే. అత్త షరతు పెట్టింది. మేం ఇంట్లో మాట్లాడేది లంబాడీ, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. "వదిన వెంట పోవాలె. పొద్దుగూకక ముందే ఇల్లు చేరాలె. దెబ్బ తాకకుండ వస్తే హాస్టల్‌కు పంపుత. లేకుంటే నాతోని పత్తి ఏరనీకి వస్తవు."

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు బంద్. మా ఆయనకు అన్న వరుసయ్యే బావ తన ఆటోలో తీసుకుపోతానన్నాడు, డీజిల్‌కు మూడు వందలు. జఫర్‌గఢ్ దగ్గరి మా తండాలో ఐదింటికి బయలుదేరి, హన్మకొండ, పరకాల మీదుగా ఎనిమిదిన్నరకు గుట్టలు చేరాం.

మా ఇళ్లలో కోడలు బావతో నేరుగా మాట్లాడదు. కొంగు కళ్ల దాకా దించుకుని, మధ్యలో ఎవరితోనైనా చెప్పిస్తుంది. ఆటోలో ఆ మధ్య మనిషి సునీతే.

"జర మెల్లగ నడపమని చెప్పు" అన్నాను. బావకు వినబడింది. అయినా సునీత చెప్పేదాకా ఆగాడు.

"ఇంకా మెల్లగంటే ఎడ్లబండి తెస్తనని చెప్పు" అన్నాడు.

"ఇద్దరూ నాకు కూలీ ఇయ్యున్రి" అంది సునీత.

పరకాల దగ్గర ఉద్యమం వాళ్లు, నడిరోడ్డు మీద వంట చేసి బండ్లు ఆపడానికి, పొయ్యిలకు రాళ్లు పేరుస్తున్నారు. "అన్నా, మూడింటి లోపల వాపస్ రాన్రి. తర్వాత ఇక్కడ వంట మొదలైతది, బండ్లు కదలయి" అని ఒకాయన చెప్పాడు.

గుట్టల దగ్గర మహబూబాబాద్ తండాల నుంచి వచ్చిన పిల్లలే ఎక్కువ. నడుముకు పట్టీ కట్టుకోవడం, ముడి వేయడం నేర్పేసరికే పన్నెండు దాటింది. భోజనాలయ్యాక సునీత వంతు రెండింటికి వచ్చింది. సగం బండ దాకా చకచకా ఎక్కి, అక్కడ ఆగిపోయింది. కింద తాడు పట్టిన సార్, "తొందర లేదమ్మా, కుడికాలు పైన పెట్టు" అంటున్నాడు. అంతలో బావ ఉరికి వచ్చాడు.

"టైం అయిపోయింది సునీతా! రోడ్డు మూస్తరు, దిగు!"

సార్ ఎక్కమంటాడు, బావ దిగమంటాడు. సునీత కిందికి చూసింది. కాలు జారింది. తాడు పట్టి ఆపింది, కానీ పిల్ల వణికిపోతోంది. బావను ఆగమని చెప్పించడానికి పక్కకు తిరిగాను. చెప్పే మనిషి బండ మీద ఉంది.

"బావా, మీరు ఊకోండ్రి! ఆమె ఎక్కినంకనే పోదాం!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. బావ మొహం తిప్పుకుని ఒక రాయి మీద కూర్చున్నాడు. పక్కనే గిన్నెలు సర్దుతున్న వంటమనిషితో, "ఊకున్ననని చెప్పవ్వా ఆమెకు" అన్నాడు. "ఇన్నది తియ్యి బిడ్డా" అని అవ్వ నవ్వింది. అప్పటికి సునీత కుడికాలు పైన పెట్టింది. కాసేపటికి బండ పైనుంచి చెయ్యి ఊపింది.

పరకాల చేరేసరికి మూడుంబావు. పొయ్యిలు మండుతున్నాయి. పొద్దున మాట్లాడినాయనే మమ్మల్ని చూసి, "పిల్లలను ఆపం, తిని పోన్రి" అని తలా ఇంత కిచిడీ పెట్టి దారి ఇచ్చాడు.

ఆరుంబావుకు ఇల్లు చేరాం, ఇంకా వెలుగుంది. అత్త సునీత అరచేతులు తిప్పి తిప్పి చూసింది. ఎర్రబడ్డాయి, అంతే. తర్వాత అక్కడ ఏం జరిగిందని బావను అడిగింది.

"నన్నే ఊకోమన్నది నీ కోడలు" అన్నాడు బావ. "గిసొంటి వదిన వెంట ఉంటే పిల్లకేమైతది చిన్నమ్మా? పంపు."

అత్త నన్నొకసారి చూసి లోపలికి పోయింది. అటక మీది రేకుపెట్టె దించి, హాస్టల్‌కని తుడవడం మొదలుపెట్టింది.

ఇప్పటికీ నేను బావతో నేరుగా మాట్లాడను. సునీత హాస్టల్లో ఉంది కదా, మా మాటలు మోసే పని ఇప్పుడు అత్తది. కానీ అవసరం పడితే నాకూ గొంతుందని ఇద్దరికీ తెలుసు, నాకూ తెలుసు. మీ పిల్లలను ఇలా తీసుకెళ్తే, వెంట వచ్చిన పెద్దవాళ్లను బండకు దూరంగా కూర్చోబెట్టండి. ఎక్కే పిల్లకు తాడు పట్టిన మనిషి గొంతు ఒక్కటే వినబడాలి.